కాటిసీను నేర్పిన తెలుగు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇమ్మని కార్యదర్శిగారు రెండు నెలలుగా అడుగుతున్నారు. సర్వీసులో ఉండగా నోట్ ఫైళ్ళు రాయడమే గాని వ్యాసాలు రాసిన అలవాటు నాకు లేదని తప్పించుకుంటూ వచ్చాను. ఆయన వదల్లేదు. పోయిన నెల పింఛను పని మీద కలిసినప్పుడు, "అయ్యా, మీరు నక్షత్రకుడిలా వెంటపడ్డారే!" అన్నాను. ఆయన పడీ పడీ నవ్వారు. నన్ను స్కూటరు మీద తీసుకువెళ్ళిన మా మనుమరాలు పక్కనే ఉంది. దారిలో అడిగింది: "తాతయ్యా, నక్షత్రకుడంటే ఎవరు?"

మన వయసు వాళ్ళకు ఈ మాట చెప్పనక్కర్లేదు. అప్పు వసూలుకు వచ్చి అరుగు దిగనివాణ్ణి ఈనాటికీ నక్షత్రకుడనే అంటాం. కాని బాగా చదువుకున్న పిల్లకు ఆ మాట తెలియలేదు. తప్పు ఆ పిల్లది కాదు. మాకు ఆ మాట నేర్పిన బడి ఇప్పుడు లేదు. ఆ బడి పేరు హరిశ్చంద్ర నాటకం. అందులోనూ కాటిసీను. నాకు వచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లో సగం అక్కడివే. వాటిలో ఒకటి రెండు మాటలకు నేను చెల్లించిన ఖరీదు కూడా ఉంది. కార్యదర్శిగారి కోరికకు, మనుమరాలి ప్రశ్నకు కలిపి ఈ జవాబు రాస్తున్నాను.

మా ఊరు, మా నాటకాలు

మాది వాడరేవు. చీరాల నుంచి సముద్రం వైపు కొద్ది మైళ్ళు వస్తే ఇసుక, సరుగుడు తోటలు, ఒడ్డుకు లాగిన పడవలు. ఓడరేవు అనే మాటే వాడుకలో వాడరేవు అయిందని మా పెద్దలు చెప్పేవారు. నేను 1947లో పుట్టినప్పుడు మాది గుంటూరు జిల్లా. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడి, తరువాత దానికి ప్రకాశంగారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ నుంచి మాది బాపట్ల జిల్లా. ఊరు ఉన్నచోటనే ఉంది, మేము మాత్రం మూడు జిల్లాల వాళ్ళమయ్యాం.

మా నాన్నగారు రేవులో చేపల వ్యాపారుల దగ్గర లెక్కలు రాసే గుమాస్తా. అమ్మకు అక్షరం రాదు. కాని పద్యం చెవిన పడితే మరిచేది కాదు. అర్థం అడిగితే "అదంతా నాకేం తెలుసురా, ఏడుపు పద్యం" అనేది.

ఆ రోజుల్లో మా వైపు నాటకాల రుతువు ఒకటి ఉండేది. మెట్ట ఊళ్ళలో పత్తి తీతలు ముగిసి, మిరపకాయ కల్లాల్లో ఎండి, అమ్మిన డబ్బు చేతిలో పడేసరికి శివరాత్రి వచ్చేది. జాగరణకు ఒక ఊళ్ళో, శ్రీరామనవమి పందిట్లో ఒక ఊళ్ళో నాటకం కట్టించేవారు. మేము బండ్లు కట్టుకొని, బండి లేనివాళ్ళం నడిచి వెళ్ళేవాళ్ళం. పెట్రోమాక్సు లైట్లు, ముందు చాపల మీద పిల్లలు, వెనక బండ్ల మీదనే దుప్పట్లు కప్పుకొని ఆడవాళ్ళు. రాత్రి పదింటికి మొదలైతే తెల్లవారి కోడి కూసేదాకా సాగేది.

ఒక రాత్రి నాటకంలో ఇద్దరు ముగ్గురు హరిశ్చంద్రులు ఉండేవారని ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. రాజ్యం ధారపోసేదాకా ఒకాయన, వారణాసి సీనుకు ఇంకొకాయన, కాటిసీనుకు అందరికంటె పేరున్న ఆయన. పద్యం బాగుంటే "వన్స్ మోర్" అని కేకలు. చచ్చిపడిన కొడుకు మీద తల్లి పాడే పద్యానికి కూడా వన్స్ మోరే! డబ్బు తక్కువైన ఊళ్ళలో మొత్తం నాటకం మానేసి కాటిసీను ఒక్కటే ఆడించుకొనేవారు. తరువాతి కాలంలో డి.వి. సుబ్బారావుగారి గొంతులో ఆ సీను క్యాసెట్లుగా వచ్చి పెళ్ళి పందిళ్ళలోనూ మోగింది. శుభకార్యానికి శ్మశానం పద్యాలేమిటని అడిగినవాళ్ళు తక్కువ.

ఈ నాటకం ఎక్కడిది?

హరిశ్చంద్రుడి కథ చాలా పాతది. ఐతరేయ బ్రాహ్మణంలో ఆ పేరుగల రాజు, రోహితుడనే అతని కొడుకు ఉన్నారు. అయితే అది శునశ్శేపుడి కథ. ఆలుబిడ్డలను అమ్ముకోవడం, కాటికాపరి కావడం మార్కండేయ పురాణంలో వచ్చాయి. తెలుగులో 15వ శతాబ్దంలో గౌరన ద్విపదలో హరిశ్చంద్రోపాఖ్యానం రాశాడు. మార్కండేయ పురాణంలో రాణి పేరు శైబ్య. మన తెలుగువాళ్ళకు ఆమె చంద్రమతి. మరాఠీవాళ్ళకు తారామతి. 1913లో దాదాసాహెబ్ ఫాల్కే తీసిన తొలి భారతీయ చిత్రం కూడా ఈ కథే. గాంధీగారు చిన్నతనంలో ఈ నాటకం చూసి, తనలో తాను లెక్కలేనన్నిసార్లు దాన్ని ఆడుకున్నానని ఆత్మకథలో రాసుకున్నారు.

మా ప్రాంతంలో ఆడిన నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం కవిగారిది. ఆయన మాకు పొరుగువారే. 1881లో బాపట్ల తాలూకా ఇటికంపాడులో పుట్టారు, 1953లో పోయారు. తరువాత సినిమాలకూ రచన చేశారు. పుస్తకం పట్టి చదవలేని జనం కూడా ఆయన పద్యాలను నోటికి పట్టారు. దుక్కి దున్నుతూ, నీళ్ళు తోడుతూ, వల బాగుచేస్తూ పాడేవారు. సినిమా కూడా మూడుసార్లు మనకు ఈ కథ చెప్పింది. 1935లో అద్దంకి శ్రీరామమూర్తి, కన్నాంబ, 1956లో ఎస్.వి. రంగారావు, 1965లో ఎన్.టి. రామారావు. సినిమా ఎంత బాగున్నా మా ఊరివాళ్ళు "స్టేజీ మీద కాటిసీను కాటిసీనే" అనేవారు.

దీన్ని విషాద నాటకం అనవచ్చునా అని పండితులకు సందేహం. మన పాత నాటక సంప్రదాయంలో ముగింపు మంగళకరంగా ఉండాలి. ఆ కట్టును తెంచి, బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు విషాద సారంగధర నాటకాన్ని విషాదంతోనే ముగించారు. దాన్ని తెలుగులో తొలి విషాదాంత నాటకంగా చెబుతారు. హరిశ్చంద్రలో అలా కాదు. చివర కత్తి పూలదండ అవుతుంది, దేవతలు ప్రత్యక్షమవుతారు, కొడుకు లేచి కూర్చుంటాడు. కాని నేను చూసిన మట్టుకు ఆ దేవతలు వచ్చేసరికి చాపలు చుట్టేవాళ్ళు సగం మంది. జనం చూడవచ్చింది దేవతలను కాదు. కొడుకు శవంతో వచ్చిన తల్లిని, ఆమెను సుంకం అడిగిన తండ్రిని. కాబట్టి శాస్త్రం ఏమన్నా, మా ఊరి లెక్కలో అది విషాద నాటకమే.

ఒక్క అక్షరం తప్పు

1958లో మా రేవు కుర్రాళ్ళు శ్రీరామనవమికి తామే కాటిసీను ఆడాలని పూనుకున్నారు. అప్పుడు మా వీధి చివర ఒక రిటైరైన తెలుగు మాస్టారు ఉండేవారు. సముద్రపు గాలి ఒంటికి మంచిదని వచ్చి స్థిరపడ్డారు. హార్మోనియం వాయించేవారు. నాటకం నేర్పే భారం ఆయన మీద పడింది. తెర వెనక లాంతరు పట్టుకొని మాటలు అందించడానికి ఒక పిల్లవాడు కావాలన్నారు. నాకు చదవడం బాగా వచ్చునని నాన్న నన్ను పంపారు. అప్పటికి నాకు 11 ఏళ్ళు.

కాటిసీను ఒక్కటే ఆడుతున్నారు గనుక, ముందు జరిగిన కథ జనానికి చెప్పడానికి మాస్టారు ఒక పేజీ వచనం స్వయంగా రాసి ఇచ్చారు. ఇంద్రసభలో పందెం, విశ్వామిత్రుడికి ఇస్తానన్న ధనం, అది రాబట్టడానికి వెంటనడిచిన నక్షత్రకుడు, కాశీలో కాలకౌశికుడికి ఆలినీ కొడుకునూ అమ్మడం, వీరబాహుడికి తాను అమ్ముడుపోవడం, అన్నీ అందులో ఉన్నాయి. రిహార్సలులో నేను గట్టిగా చదువుతున్నాను. "తుదకు తన్ను తానే విక్రయించుకొని హరిశ్చంద్రుడు అనృణుడయ్యెను" అని రాసి ఉంది. నేను "అనృతుడయ్యెను" అని చదివాను.

మాస్టారు హార్మోనియం ఆపేశారు. "ఒరే అబ్బాయ్, ఒక్క అక్షరంతో హరిశ్చంద్రుణ్ణి అబద్ధాలకోరును చేశావు గదరా!" అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన దగ్గరకు పిలిచి నేల మీద వేలితో రాసి చూపారు. ఋతం అంటే సత్యం. ఋతం కానిది అనృతం, అంటే అబద్ధం. ఋణం అంటే అప్పు. ఋణం లేనివాడు అనృణుడు. "హరిశ్చంద్రుడి కథంతా ఈ రెండు మాటల మధ్యనే ఉందిరా. అనృతం ఆడనన్నాడు, కాబట్టి అనృణుడు కావాల్సి వచ్చింది. అందుకు ఏమి అమ్ముకోవాలో అదంతా అమ్ముకున్నాడు" అన్నారు. అరవై ఏళ్ళు దాటినా ఆ వేలి గీతలు నాకు కనబడుతూనే ఉన్నాయి.

ఆ రోజు నుంచి నాకు నోటుబుక్కు పెట్టారు. నోటుబుక్కంటే నాన్న తెచ్చిన పాత చేపల లెక్కల కాగితాలు, వెనక వైపు ఖాళీగా ఉన్నవి, దారంతో కుట్టినవి. మాస్టారి దగ్గర బహుజనపల్లి సీతారామాచార్యులుగారి శబ్దరత్నాకరం ఉండేది. 1885లో వచ్చిన నిఘంటువు అది. ఆయన ప్రతి అట్టలు ఊడి తాడుతో కట్టి ఉండేది. రోజుకు ఒక్క మాట. అర్థం రాసుకోవాలి. తరువాత ఆ మాటను మూడు చోట్ల, మూడు రకాలుగా వాడి వచ్చి చెప్పాలి. మూడు వాడకాలు పూర్తయితేనే రెండో మాట. ఇదీ ఆయన పద్ధతి.

నా నోటుబుక్కులోని కొన్ని మాటలు

కాడు. ఈ మాటకు అడవి అనీ, శ్మశానం అనీ రెండర్థాలు. నాడు నాటి, ఏడు ఏటి, కూడు కూటి అయినట్టే కాడు కాటి అవుతుంది. కాటిని కాచేవాడు కాటికాపరి. నాటకం చూసేవాళ్ళు "కాటి" అనే ముక్కను విడిగా పట్టించుకోరు. "ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది" అని మనం ఇప్పుడు సంఘం ఆఫీసులో వేసుకునే హాస్యంలో ఉన్నది కూడా ఆ కాడే.

శ్మశానం. నేను మొదట స్మశానం అని రాశాను. ఇప్పటికీ బోర్డుల మీద అలాగే కనిపిస్తుంది. మాస్టారు దిద్దించారు. శవాలు శయనించే చోటు గనుక శ్మశానమని పెద్దలు చెప్పే వ్యుత్పత్తి. దీనికే రుద్రభూమి, పితృవనం, పరేతభూమి అని పేర్లు. "ఒక్క చోటికి ఇన్ని పేర్లెందుకండీ?" అన్నాను. "చెప్పలేక చెప్పే మాటకు పేర్లెక్కువ" అన్నారు.

లోహితాస్యుడు. ఇది నాకు అన్నిటికంటె ఇష్టమైన మాట. లోహితం అంటే ఎరుపు, ఆస్యం అంటే ముఖం. ఎర్రని ముఖం గల పిల్లవాడు. గజాస్యుడు వినాయకుడు, చతురాస్యుడు బ్రహ్మ, అదే ఆస్యం. అయితే పురాణాల్లో ఈ పిల్లవాడి పేరు రోహితాశ్వుడు. అంటే ఎర్రని గుర్రాలు గలవాడు. ర, ల ఒకదాని చోట ఒకటి రావడం సంస్కృతంలో మామూలే. రోహిత లోహిత అయింది, అశ్వం కాస్తా తెలుగు నోట ఆస్యమైంది. గుర్రం పోయి ముఖం వచ్చింది. మా ఆడవాళ్ళ నోట్లో అదీ అరిగిపోయి "లోహితుడు" అయ్యాడు.

సుంకం. సంస్కృతంలో శుల్కం. గురజాడవారి కన్యాశుల్కంలో ఉన్నది ఈ శుల్కమే. మా ఊళ్ళో సుంకమంటే రేవు సుంకం, సంత సుంకం. మాస్టారు ఈ మాట చెప్పేటప్పుడు చీరాల పేరాల కథ కూడా చెప్పారు. 1921లో మునిసిపాలిటీ పన్నులు కట్టబోమని జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద ఇళ్ళు వదిలి, ఊరవతల రామనగర్ అని పాకలు వేసుకొని నెలల తరబడి ఉన్నారు. ఆ గోపాలకృష్ణయ్యగారే 1917లో ఆనంద కుమారస్వామితో కలిసి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినవారు. "అన్యాయమైన సుంకం కట్టనన్నవాళ్ళ పక్క ఊరివాడివి నువ్వు. కన్నకొడుకు శవానికి కూడా సుంకం అడిగినవాడి నాటకం ఆడుతున్నావు. ఎవరు ఒప్పురా?" అని అడిగారు. నాకు జవాబు తెలియలేదు. ఆయనా చెప్పలేదు.

జాషువాగారి పద్యాలు

మా కాటిసీనులో హరిశ్చంద్రుడు శ్మశానాన్ని చూసి పాడే పద్యాల దగ్గర మాస్టారు ప్రత్యేకంగా ఆపి చెప్పారు. అవి బలిజేపల్లివారివని జనం అనుకునేవారు. కావు. గుర్రం జాషువాగారి ఖండకావ్యంలోని శ్మశానవాటి పద్యాలు. నటులు వాటిని తెచ్చి కాటిసీనులో కలుపుకున్నారు, జనం విడదీయనివ్వలేదు. జాషువాగారు 1895లో వినుకొండలో పుట్టారు. రాజమండ్రిలో మూగ సినిమాలకు పక్కన నిలబడి కథ చెప్పారు. గుంటూరులో ఉపాధ్యాయులుగా పనిచేశారు. 1941లో గబ్బిలం రాశారు. 1964లో సాహిత్య అకాడమీ బహుమానం, 1970లో పద్మభూషణ్ వచ్చాయి, 1971లో కన్నుమూశారు. ఇన్ని వచ్చినా, పుట్టిన కులం కారణంగా సభల్లోనూ పంక్తుల్లోనూ ఆయన పడ్డ అవమానాలు లోకానికి తెలిసినవే.

రాజు, పేద, కవి, గృహిణి అందరూ ఆ నేలలో సమానమేనని చెప్పే పద్యాలవి. వాటికి వన్స్ మోర్ కొట్టిన ఊళ్ళలోనే కులానికొక కాడు ఉండేది. పల్లెవాళ్ళ కాడు వేరు, ఊరివాళ్ళ కాడు వేరు. నాటకంలో చూస్తే సూర్యవంశపు చక్రవర్తి వీరబాహుడి కొలువులో ఉంటాడు, చేతులు కట్టుకొని నిలబడతాడు. మా నాటకంలో వీరబాహుడి వేషం వేయడానికి మొదట ఎవరూ ముందుకు రాలేదు. చివరకు మాస్టారే వేశారు. ఆ సంగతి అప్పట్లో ఊళ్ళో కొన్నాళ్ళు చెప్పుకున్నారు.

మూడో వాడకం

నాటకానికి వారం ముందు నాకు దొరికిన మాట సర్పదష్టుడు. దష్టుడు అంటే కరవబడినవాడు. దర్భలకు వెళ్ళిన లోహితాస్యుణ్ణి పాము కరుస్తుంది గదా. బడిలో ఒకసారి, రేవులో పడవవాళ్ళ దగ్గర ఒకసారి వాడాను. మూడోది ఇంట్లో. అమ్మ చేపలు తోముతోంది. పక్కన చేరి, "అమ్మా, లోహితుడు సర్పదష్టుడయ్యాడు తెలుసా?" అన్నాను. "అంటే?" అంది. "పాము కరిచి చచ్చిపోయాడు. చంద్రమతి ఎత్తుకొని కాటికి పోయింది" అని గొప్పగా అర్థం చెప్పాను.

అమ్మ చేతిలో చేప గిన్నెలో పెట్టేసి లేచి దొడ్లోకి వెళ్ళిపోయింది. చాలాసేపు రాలేదు.

ఆ రాత్రి నాన్న చెప్పారు. నాకంటె ముందు ఒక అన్న ఉండేవాడట. అయిదేళ్ళప్పుడు సరుగుడు తోటలో పురుగు ముట్టి పోయాడట. మా వైపు రాత్రిపూట పాము అనరు, పురుగు అంటారు. కరిచింది అనరు, ముట్టింది అంటారు. అమ్మ ఇంట్లో ఆ కబురు ఎత్తనిచ్చేది కాదు. అప్పుడు నాకు ఇంకొకటి తట్టింది. ఎన్ని ఊళ్ళకు నాటకానికి వెళ్ళినా, చంద్రమతి పిల్లవాణ్ణి భుజాన వేసుకొని రాగానే అమ్మ "బండి దగ్గర చూసొస్తా" అని లేచి వెళ్ళిపోయేది. ఆమెకు వచ్చిన ఏడుపు పద్యాలన్నీ దూరం నుంచి, చీకట్లో నిలబడి విన్నవే.

మర్నాడు మాస్టారికి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నోటుబుక్కు తీసుకొని సర్పదష్టుడు అన్న మాట కింద రెండు గీతలు మాత్రం గీసి, "ఈ మాటకు మూడో వాడకం వద్దులే" అన్నారు. పద్ధతి తప్పించిన మాట నా బుక్కులో అదొక్కటే.

1977

తరువాత చదువు, ఉద్యోగం. రెవెన్యూలో గుమాస్తాగా చేరాను. నా తెలుగు డ్రాఫ్టులు బాగుంటాయని పై అధికారులు అనేవారు. క్రయవిక్రయాలు, ఋణవిముక్తి వంటి మాటలకు నేను తడుముకోలేదు. అవన్నీ లాంతరు వెలుగులో నేర్చినవే.

1977 నవంబరు 19న తుఫాను వచ్చింది. దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి సుమారు 10 వేల మంది పోయారు. మా బాపట్ల, చీరాల వైపు కూడా నష్టం జరిగింది. నన్ను ఇంకొందరితో కలిపి నాగాయలంక వైపు జాబితాలు రాయడానికి పంపారు. నాకు 30 ఏళ్ళు. అక్కడ చూసినవి ఈ పత్రికలో రాయను. నాతో వచ్చినవాళ్ళు ఇంకా కొందరు మనలో ఉన్నారు, వాళ్ళకు తెలుసు.

జాబితాలు రెండు. శవం దొరికినవారిది ఒకటి, దొరకనివారిది ఒకటి. దొరకనివారికి "గల్లంతు" అని రాయాలి. ఒక ఊళ్ళో ఒక ఆమె వచ్చింది. ఏడేళ్ళ కొడుకు. చేతిలో నుంచి జారిపోయాడంది. శవం దొరకలేదు. నేను రూలు ప్రకారం అడిగాను: "చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అమ్మా? ఏదైనా ఆధారం?" లేదంది. నేను గల్లంతు అని రాస్తూ పైకి చదివాను. ఆమె అడిగింది: "గల్లంతంటే ఏంది బాబూ? ఉన్నట్టా, లేనట్టా?"

నాకు శబ్దరత్నాకరం సగం వచ్చు. ఆ మాటకు అర్థం చెప్పలేకపోయాను. ఉన్నాడంటే అనృతం. లేడనడానికి నా దగ్గర ఆధారం లేదు. కలం పట్టుకొని అలాగే ఉండిపోయాను. చివరకు ఆమే, "రాసుకో బాబూ, నీ పని నువ్వు చెయ్యాలి గదా" అని పక్కకు జరిగింది, వెనకవాళ్ళకు చోటిస్తూ.

హరిశ్చంద్రుడు చంద్రమతిని సుంకం అడిగే చోట మా ఊరి జనం పళ్ళు కొరికేవారు. రాయి గుండె అనేవారు. నేనూ అనుకున్నాను. ఆ రోజు బల్ల అవతల నిలబడ్డ ఆమెను ఆధారం అడిగినప్పుడు, ఆ బల్ల ఇవతల నిలబడేవాడి సంగతి నాకు మొదటిసారి తెలిసింది. మాస్టారు అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం అప్పుడూ దొరకలేదు. సుంకం అడిగినవాడు ఒప్పో తప్పో చెప్పలేను. అడిగినవాడికి నిద్ర పట్టదని మాత్రం చెప్పగలను.

పన్నెండు రోజుల తర్వాత ఇంటికి వచ్చాను. అమ్మ నీళ్ళు కాచి పోసింది. అన్నం పెట్టి, "ఏం చూశావురా?" అంది. ఆమె అడిగిన మాటతో సహా చెప్పాను. అమ్మ కాసేపు ఊరుకుంది. "లేనట్టేనని చెప్పాల్సింది నాయనా. తల్లి ఎదురుచూస్తా ఉంటది" అంది. తరువాత, నేను అడక్కుండానే, మా అన్న గురించి చెప్పింది. వాడికి ఏ కూర ఇష్టమో, ఏ పద్యం ముద్దుముద్దుగా పాడేవాడో. అర్ధరాత్రి దాటేదాకా చెప్పింది. నా ఎరుకలో అదే మొదటిసారి.

మరుసటి ఏడు శ్రీరామనవమికి రేవులో కాటిసీను ఆడించారు. చంద్రమతి పిల్లవాణ్ణి ఎత్తుకొని వచ్చింది. నేను అమ్మ వైపు చూశాను. ఆమె లేవలేదు. చివర దేవతలు వచ్చేదాకా కూర్చుంది. జనం చాపలు చుడుతున్నారు. అమ్మ మాత్రం లోహితుడు లేచి కూర్చునేదాకా చూసి, అప్పుడు లేచింది.

చివరిగా

మాస్టారు పోయారు, అమ్మ పోయింది. చేపల లెక్కల నోటుబుక్కు మాత్రం నా దగ్గరుంది. సిరా వెలిసింది గాని చదవవచ్చు. మొన్న మనుమరాలికి తీసి చూపాను. సర్పదష్టుడు కింద రెండు గీతలే ఉన్నాయేమని ఆ పిల్ల అడిగింది. చెప్పాను. విని, కొత్త పేజీలో తన చేత్తో "నక్షత్రకుడు" అని రాసుకుంది. మూడు చోట్ల వాడి వచ్చి చెప్పాలన్నాను. మొదటి వాడకం అప్పుడే అయిపోయింది. "మీ కార్యదర్శిగారు ఫోన్ చేశారు తాతయ్యా, నక్షత్రకుడు" అంది.

మన సభ్యుల ఇళ్ళలో కూడా ఏ నాటకం నుంచో, ఏ బుర్రకథ నుంచో వచ్చిన మాటలు ఉండే ఉంటాయి. వాటి వెనక ఎవరి కథ ఉందో పిల్లలకు తెలియదు. మనం ఉండగానే ఒక కాగితం మీద రాసి పెట్టండి. లెక్కల కాగితం వెనకవైపు అయినా సరే. కార్యదర్శిగారికి నేను ఇస్తానన్న వ్యాసం ఇచ్చేశాను. ఈ ఒక్క విషయంలో నేను అనృణుణ్ణి.